కొత్తగా తెచ్చుకున్న ఊసరవెల్లి: రంగు ఒక్కటే చూస్తే సరిపోదు

ఊసరవెల్లి జబ్బును దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనిపించిన ప్రాణిని పక్షో పామో ముందుగా ఎత్తుకుపోతుంది. అందుకే ఒంట్లో ఎంత బాగాలేకపోయినా పైకి మామూలుగా ఉండడం దాని స్వభావంలోనే ఉంది. పట్టపగలు కళ్లు మూసుకుని కూర్చున్నా, కొమ్మ దిగి నేల మీద పడుకున్నా అది జబ్బుకు ఆరంభం కాదు, అప్పటికే బాగా ముదిరిందన్నమాట. కాబట్టి కొట్టొచ్చినట్టు కనిపించే లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. ఇది రోజూ ఎన్నింటికి నిద్ర లేస్తుంది, ఎంతసేపు వెచ్చదనం కాచుకుంటుంది, ఎంత తింటుంది, ఎప్పుడు విసర్జిస్తుంది అన్నది ముందు తెలిసి ఉంటే, అందులో వచ్చే చిన్న తేడా కూడా సమయానికి కంట్లో పడుతుంది.

పెంపకంలో ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు. యెమెన్, సౌదీ అరేబియాలకు చెందిన వెయిల్డ్ ఒకటి, మడగాస్కర్‌కు చెందిన పాంథర్ మరొకటి. ఈ వ్యాసంలోని కొలతలు ఈ రెండింటికే. కెన్యా, టాంజానియా కొండల్లో ఉండే జాక్సన్ ఊసరవెల్లికి ఇంతకంటే చల్లదనం కావాలి. ఏ జాతి అయినా పెంపకంలో పుట్టినదే తీసుకోవాలి. అడవిలో పట్టి తెచ్చినవి తరచూ పరాన్నజీవులతో, నీరు లేక ఎండిన ఒంటితో వస్తాయి. వెయిల్డ్, పాంథర్ రెండూ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. పైగా ఒక్కో దేశానికి ఒక్కో చట్టం. కొనేముందే కాగితాలు చూసుకోవడం తప్పనిసరి.

రంగును ఎలా చదవాలి

చుట్టూ ఉన్న రంగులోకి ఊసరవెల్లి మారిపోతుందన్నది చాలామందికున్న అపోహ. దాని మామూలు రంగు ఎలాగూ ఆకుల్లో కలిసిపోతుంది. మార్పు మాత్రం ప్రధానంగా రెండు పనుల కోసం: ఎదుటి జీవికి తన స్థితి తెలియజేయడానికి, ఒంటి వేడిని సరిచేసుకోవడానికి. దాని చర్మంలో గ్వానిన్ అనే పదార్థంతో ఏర్పడిన అతి సూక్ష్మమైన స్ఫటికాలు బారులు తీరి ఉంటాయి. జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో పాంథర్ ఊసరవెల్లుల్లో వీటి పని తీరును వివరించారు. ప్రాణి నిమ్మళంగా ఉన్నప్పుడు స్ఫటికాలు దగ్గర దగ్గరగా ఉండి నీలి కాంతిని తిప్పికొడతాయి. ఆ నీలం చర్మంలోని పసుపు వర్ణద్రవ్యంతో కలిసి మనకు ఆకుపచ్చగా కనిపిస్తుంది. మగది రెచ్చిపోయినప్పుడు స్ఫటికాల మధ్య ఎడం పెరిగి రంగు పసుపు, నారింజ, ఎరుపుల వైపు జరుగుతుంది. నలుపు, ముదురు గోధుమ ఛాయలు తెచ్చేది మెలనిన్ అనే వర్ణద్రవ్యం.

ఇదంతా తెలిస్తే ఇంట్లో ఏం లాభమంటే, రంగు ఒకటే అయినా అర్థం గంట గంటకూ మారుతుందని తెలుస్తుంది. ఉదయం లైటు వెలగగానే ముదురు రంగులోకి మారి, పక్కలను వెడల్పు చేసి దీపం వైపు తిప్పితే అది వేడి పట్టించుకుంటోంది. దగ్గరగా చూడండి, లైటుకు ఎదురుగా ఉన్న పక్క మాత్రమే నల్లగా ఉంటుంది, రెండో పక్క ఆకుపచ్చగానే ఉంటుంది. అరగంట, గంటలో ఒళ్లు కాగాక మళ్లీ లేత రంగుకొస్తుంది. అదే నలుపు మధ్యాహ్నం రెండింటికి, వెచ్చటి కొమ్మ మీద కూర్చున్నా కూడా పోకపోతే ఏదో ఇబ్బంది ఉంది. భయమా, చలా, నొప్పా అన్నది వెతకాలి. మనిషి దగ్గరకు రాగానే నల్లబడి, పక్కల నుంచి అణిగి పలచబడి, గొంతు ఉబ్బించి, నోరు తెరిచి బుసకొడితే అది భయం. దాన్ని పొగరు అనుకుని చేతికి అలవాటు చేయాలని చూస్తే భయం ఇంకా పెరుగుతుంది. రాత్రి నిద్రలో రంగు బాగా పాలిపోతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి కంగారుపడతారు గానీ, అది మామూలే.

కదలికల్లోనూ కంగారు పెట్టేవి కొన్ని ఉంటాయి. అడుగు ముందుకు వేస్తూ వెనక్కి ఊగడం గాలికి ఆకు కదిలినట్టు కనిపించడానికే, కాళ్లు వణికి కాదు. మనల్ని చూసి కొమ్మకు అవతలి వైపు తిరగడం కూడా మామూలే. నీళ్లు చల్లుతున్నప్పుడు ఒక కన్నును బయటికి ఉబ్బించి గుండ్రంగా తిప్పడం, కొమ్మకు రాసుకోవడం కంటిని శుభ్రం చేసుకునే పద్ధతి. కొన్ని నిమిషాల్లో కన్ను యథాస్థితికి రావాలి, రాకపోతేనే చింత. చర్మం ముందు తెల్లగా మసకబారి తర్వాత ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. ఎదిగే పిల్లల్లో ఇది కొన్ని వారాలకోసారి జరుగుతుంది, పెద్దవాటిలో అరుదు. ఆ పొరను చేత్తో లాగకూడదు.

మొదటి రెండు వారాలు

కేజ్ ఎదిగిన ప్రాణికి కనీసం 60 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. లోతు, 120 సెం.మీ. ఎత్తు ఉండాలి. దాన్ని నేల మీద పెట్టకూడదు. ప్రాణి కూర్చునే పై కొమ్మ మన కంటికన్నా ఎత్తులో ఉండాలి. దీన్ని వేటాడేవి తరచూ పైనుంచి వస్తాయి కాబట్టి మనం పైనుంచి వంగి చూసిన ప్రతిసారీ దాని గుండె గుభేల్మంటుంది. లోపల మనీప్లాంటు, మందారం, షెఫ్లెరా వంటి మొక్కలు దట్టంగా ఉండి, పూర్తిగా కనుమరుగయ్యే చోటు ఒకటైనా ఉండాలి. చాటు ఉన్న ఊసరవెల్లి ధైర్యంగా బయట తిరుగుతుంది, చాటు లేనిది రోజంతా బెదురుతూ బతుకుతుంది. వింతగా అనిపించినా అనుభవమున్న పెంపకందార్లంతా చెప్పే మాటే ఇది.

ఒక కేజ్‌లో ఒకటే. జోడు అక్కర్లేదు. మరో ఊసరవెల్లి కంటపడినా, అద్దంలో తన నీడే కనిపించినా ఒత్తిడికి గురవుతుంది. పిల్లలు కలిసిమెలిసి ఉన్నట్టు కనిపించినా బలమైనది వెచ్చటి చోటునూ తిండినీ ఆక్రమించుకుంటుంది, రెండోది ఎదగదు.

తెచ్చిన మొదటి రెండు వారాలు చేత్తో తాకకుండా వదిలేయడం మంచిది. తిండి పెట్టడం, నీళ్లు చల్లడం, శుభ్రం చేయడం, అంతే. తొలి రెండు మూడు రోజులు సరిగా తినకపోవచ్చు. నీళ్లు తాగుతూ కొమ్మను గట్టిగా పట్టుకుని ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఎదిగే పిల్ల మాత్రం మూడు రోజులు దాటి ఏమీ ముట్టకపోతే డాక్టరుకు చూపించకుండా ఆగకూడదు. వారానికోసారి గ్రాముల తూకం తీసుకోవాలి. చేత్తో పట్టకుండా తూచాలంటే వంటింటి డిజిటల్ తూకం మీద ఒక చిన్న కొమ్మ స్టాండు పెట్టి, తూకాన్ని సున్నాకు తెచ్చి, ప్రాణిని తనంతట తాను దాని మీదికి ఎక్కనివ్వాలి. పిల్లల బరువు పెరగకుండా ఆగిపోయినా, పెద్దవాటి బరువు వరుసగా తగ్గుతూ వచ్చినా తిండి బాగానే తింటోందన్న ధీమాతో ఊరుకోకూడదు.

లైట్లు రెండు, పనులు వేరు

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వేడికి ఒక లైటు, యూవీబీకి, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలకు ఒక లైటు కావాలి. ఒకటి రెండో దాని పని చేయదు.

వేడి సంగతి ముందు చూద్దాం. ఎదిగిన మగ వెయిల్డ్ కూర్చునే కొమ్మ దగ్గర 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. ఆడదానికి 27, ఆరు నెలల లోపు పిల్లలకు 27 నుంచి 29 చాలు. పాంథర్‌కు కూడా దాదాపు ఇంతే. కేజ్‌లో మిగతా చోట 22 నుంచి 26 ఉండాలి. రాత్రి దీపాలన్నీ ఆర్పేయాలి, 18 నుంచి 20 డిగ్రీలకు దిగినా మంచిదే. ఎర్ర బల్బులు అక్కర్లేదు, చీకటే దాని నిద్రకు మంచిది. ఈ వేడిని గోడకు అంటించే గుండ్రటి ముల్లు మీటర్లతో కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. డిజిటల్ థర్మామీటరు ప్రోబ్‌ను సరిగ్గా ప్రాణి వీపు ఎత్తులో పెట్టి కొలవాలి. లైటు కేజ్ పైకప్పు జాలీ (మెష్) మీద ఉంటుంది, కొమ్మ దానికి 20, 25 సెం.మీ. దిగువన ఉండాలి. ఊసరవెల్లి మెష్‌కు వేలాడుతూ నేరుగా బల్బు కిందికి వెళ్లే అవకాశం ఉంటే అక్కడ కాలుతుంది. మొదట తలమీది టోపీ లాంటి ఎత్తు మీదో, వెన్ను గట్టు మీదో పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది, కొన్ని రోజులకు అది నల్లటి పక్కుగా మారుతుంది. మచ్చ కనిపించిన రోజే డాక్టరుకు చూపించాలి.

వేడి కొమ్మ మీద నోరు కొద్దిగా తెరిచి కూర్చుంటే ఒళ్లు ఎక్కువ కాగిందని, చల్లబరుచుకుంటోందని అర్థం. ఒకటి రెండు సార్లయితే పరవాలేదు. రోజూ అలాగే ఉంటే కొమ్మ రెండంగుళాలు కిందికి దించండి.

ఇక యూవీబీ. ఎముకలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ కిరణాలు తగిలితేనే చర్మంలో డీ3 విటమిన్ తయారవుతుంది. డీ3 ఉంటేనే పేగులు కాల్షియాన్ని పీల్చుకుంటాయి. అది అందకపోతే రక్తంలో కాల్షియం తగ్గకుండా శరీరం సొంత ఎముకల నుంచే దాన్ని తోడుకుంటుంది. దీని పర్యవసానమే మెటబాలిక్ బోన్ డిసీజ్. ముందుగా నాలుక గురి తప్పడం, సగం దూరమే వెళ్లడం, పట్టు సడలడం కనిపిస్తాయి. తర్వాత ముంజేతులు విల్లులా వంగుతాయి, నడిచేటప్పుడు మోచేతులు బయటికి పొడుచుకొస్తాయి, దవడ మెత్తబడి నోరు సరిగా మూతపడదు. ఆరంభంలో పట్టుకుంటే జబ్బును ఆపవచ్చు, వంగిన ఎముక మాత్రం నిటారు కాదు.

టీ5 హెచ్‌ఓ (హై అవుట్‌పుట్) రకం పొడవాటి ట్యూబు, యూవీబీ 5.0 లేదా 6 శాతం స్థాయిది, కేజ్ పై వెడల్పంతా కప్పేలా పెట్టాలి. ప్రాణి వీపు దగ్గర యూవీ సూచిక సుమారు 3 ఉండాలి. మీటరు లేకపోతే కొమ్మ మెష్‌కు 20 నుంచి 25 సెం.మీ. దిగువన ఉండేలా చూస్తే దాదాపు ఆ లెక్కకు వస్తుంది. సన్న కన్నుల మెష్ యూవీబీలో మూడో వంతు దాకా ఆపేస్తుంది. మామూలు కిటికీ అద్దం దాదాపు మొత్తం ఆపేస్తుంది, కాబట్టి కిటికీ పక్కన పెట్టి ఎండ తగులుతోందనుకోవడం వట్టి భ్రమ. చుట్టలా తిరిగిన చిన్న బల్బుల వెలుగు ఒకే చోట పడుతుంది, పక్కకు జరగగానే అందదు, అవి ఎంచుకోవద్దు. ట్యూబు వెలుగుతూనే ఉన్నా యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఆ తగ్గుదల కంటికి కనపడదు. మీటరుతో కొలవనివాళ్లు ఏడాదికోసారి, వీలైతే ఇంకా ముందే మార్చాలి. పెట్టిన తేదీని ట్యూబు చివరన మార్కరుతో రాసుకోండి. రెండు లైట్లనూ టైమరుకు తగిలించి పగలు 12 గంటలు, రాత్రి 12 గంటలు పాటించాలి.

నీళ్లు, గాలి

ఊసరవెల్లులు సాధారణంగా గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్లను గుర్తించవు. ఆకుల మీద జారే చుక్కలను నాకుతాయి. ఉదయం లైటు వెలిగే ముందు ఒకసారి, సాయంత్రం లైటు ఆరిపోయాక ఒకసారి రెండు నిమిషాల పాటు సన్నగా నీళ్లు చల్లాలి. పగలు ఒక డ్రిప్పరు నుంచి ఆకు మీద సెకనుకు ఒకటి రెండు చుక్కలు పడేలా ఏర్పాటు చేస్తే మంచిది. తేమ పగలు 40 నుంచి 60 శాతం, రాత్రి చల్లబడ్డాక 80 నుంచి 100 శాతం. ఇక్కడ ఒక కీలకమైన మెలిక ఉంది. చల్లటి తేమ మేలు చేస్తుంది, వేడి తేమ చెరుపు చేస్తుంది. గది వెచ్చగా ఉండి, గాలి ఆడక, ఆకులు ఎప్పుడూ తడిగా ఉంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షను ముంచుకొస్తుంది. అందుకే ఒక తడికీ ఇంకో తడికీ మధ్య కేజ్ పూర్తిగా ఆరాలి.

ఆ ఇన్ఫెక్షను గుర్తులు ఇవి: చల్లటి చోట కూడా నోరు తెరిచి ఉంచడం, తలను పైకెత్తి అలాగే ఉండిపోవడం, ఊపిరి తీసినప్పుడు చిటపటమనో ఈలలానో శబ్దం, నోటి అంచున బుడగలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి చిట్కాలు పనికిరావు, యాంటీబయాటిక్ డాక్టరు ఇవ్వాల్సిందే.

నీరు సరిపోతోందా లేదా అన్నది విసర్జనే చెబుతుంది. అందులో ముదురు గోధుమ రంగు భాగం మలం, దాని పక్కన గట్టిపడిన ముద్ద యూరేట్. యూరేట్ తెల్లగా ఉంటే ఒంట్లో నీళ్లు సరిపోతున్నాయి. చివరన కొంచెం పసుపు ఉన్నా తప్పులేదు. మొత్తం నారింజ రంగులో ఉంటే దాహంతో ఉన్నట్టే, చల్లే సమయం పెంచాలి. రోజులు గడిచినా మారకపోతే, కళ్లు గుంతలు పడితే వైద్యం కావాలి. నోట్లోకి సిరంజితో బలవంతంగా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

తిండి, పొడులు

పురుగు పొడవు ప్రాణి రెండు కళ్ల మధ్య వెడల్పును మించకూడదు. మూడు నెలల పిల్లకు రోజూ పదీ పన్నెండు చిన్న కీచురాళ్లు పెట్టవచ్చు. ఏడాది దాటినదానికి రోజు విడిచి రోజు మూడు నుంచి ఐదు పురుగులు చాలు. వెయిల్డ్ ఆబగా తింటుంది, పెట్టినంతా తినేస్తుంది. దాని ఆకలిని చూసి పెట్టడం పొరపాటు. కీచురాళ్లు, డూబియా బొద్దింకలు, పట్టుపురుగులు, బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు మార్చి మార్చి ఇవ్వాలి. సూపర్‌వార్ములు, వాక్స్‌వార్ములలో కొవ్వు ఎక్కువ, ఎప్పుడో ఒకటి. ఈ పురుగులకే ముందు ఒకటి రెండు రోజులు ఆకుకూరలు, క్యారెట్, గుమ్మడి బాగా పెట్టాలి. ఎందుకంటే ఖాళీ కడుపుతో ఉన్న కీచురాయిలో పోషకం తక్కువ. పైగా అందులో భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆ లోటు తీర్చడానికే కాల్షియం పొడి. డీ3 లేని మామూలు కాల్షియాన్ని దాదాపు ప్రతి పూటా పలచగా అద్దాలి. పురుగు పిండిలో పొర్లించినట్టు తెల్లబడితే అది ఎక్కువైనట్టు. డీ3, రెటినాల్ రూపంలో విటమిన్-ఎ ఉన్న మల్టీవిటమిన్ పొడి పదిహేను రోజులకోసారి చాలు. తక్కువైతేనే కాదు, ఎక్కువైనా ముప్పే. విటమిన్-ఎ కొరవడితే కనురెప్పలు వాస్తాయి, పొర సరిగా ఊడదు, నాలుకకు పురుగు అంటుకోదు. పొడులు మోతాదు మించితే మెడ చుట్టూ, గొంతు కింద నీరు చేరి కాలరులా ఉబ్బవచ్చు. అలా ఉబ్బితే పొడులు ఆపేసి డాక్టరును కలవండి, మూత్రపిండాల సమస్య కూడా అలాగే కనిపిస్తుంది.

ఆడదానికి గుడ్ల తొట్టె

ఇది చాలామందికి ఎవరూ చెప్పని విషయం, ఎన్నో ఆడ ఊసరవెల్లులు దీనివల్లే అర్ధాయుష్షుతో పోతున్నాయి. ఆడ వెయిల్డ్‌కు మగ తోడు లేకపోయినా గుడ్లు వస్తాయి. నాలుగు నుంచి ఆరు నెలల వయసులోనే మొదలు కావచ్చు, ఒక్కో విడతలో డజన్ల కొద్దీ ఉంటాయి. వెనక కాలి మడమ దగ్గర చిన్న ముల్లు లాంటిది ఉంటే మగది, లేకపోతే ఆడది. వెయిల్డ్‌లో పుట్టినప్పటి నుంచే ఈ తేడా కనిపిస్తుంది కాబట్టి కొనేటప్పుడే చూసుకోండి.

ఆడదైతే కేజ్ అడుగున 30 సెం.మీ. లోతు తొట్టె ఎప్పుడూ ఉండాలి. కడిగిన ఇసుకను రసాయన ఎరువులు లేని మట్టితో కలిపి, వేలితో సొరంగం తవ్వితే కూలకుండా నిలిచేంత తడి చేసి నింపాలి. గుడ్లు పెట్టే వేళకు అది తిండి మానేస్తుంది, కొమ్మలు దిగి నేలంతా గాభరాగా తిరుగుతుంది, పొట్ట పక్కలు గుడ్ల గుండ్రాలతో ఎత్తుపల్లాలుగా కనిపిస్తాయి. తవ్వడం మొదలుపెట్టాక ఎవరూ దాని కంట పడకూడదు. మనిషి కనిపిస్తే గుంత వదిలేసి పైకి వచ్చేస్తుంది, మళ్లీ మళ్లీ అలా జరిగితే గుడ్లు లోపలే చిక్కుకుపోతాయి. తొట్టె చుట్టూ గుడ్డ కట్టండి. రెండు రోజులుగా తిరుగుతూ తవ్వకపోయినా, తవ్వి అలసి కళ్లు మూసుకుని నేలమీదే ఉన్నా గుడ్లు అడ్డుపడ్డాయనుకోవాలి. అది అత్యవసరం, ఆ రోజే ఎక్స్‌రే తీయించాలి. కొమ్మ దగ్గర వేడి 27 డిగ్రీలకు మించకుండా చూసి, తిండి రోజు విడిచి రోజు మితంగా పెడితే గుడ్ల సంఖ్యా తగ్గుతుంది, ప్రాణికీ భారం తగ్గుతుంది.

డాక్టరు దగ్గరకు

పగలు కళ్లు మూసుకోవడం, కొమ్మ మీద పట్టు జారడం, నాలుక బయటకు వచ్చి లోపలికి పోకపోవడం, కీళ్లు వాయడం, చిగుళ్ల అంచున పసుపు పెచ్చులు కనిపించడం: వీటికి రేపటి దాకా ఆగకూడదు. కుక్కలు, పిల్లులను చూసే ప్రతి డాక్టరుకూ సరీసృపాల వైద్యం తెలిసి ఉండకపోవచ్చు. అందుకే తెలిసినవారి నంబరు ప్రాణిని ఇంటికి తెచ్చే ముందే దగ్గర పెట్టుకోవాలి. కొత్తది వచ్చిన తొలి నెలలోనే ఆరోగ్యంగా కనిపించినా మలపరీక్ష చేయించడం మేలు. కాక్సీడియా అనే పేగుల్లోని సూక్ష్మ పరాన్నజీవులు, నులిపురుగులు పైకి ఏ గుర్తూ లేకుండానే ఉండగలవు. ఆ రోజు విసర్జించిన తాజా మలాన్ని గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో, ఆరిపోకుండా తడి దూది ముక్క పక్కన పెట్టి, ఫ్రిజ్‌లో చల్లగా ఉంచి అదే రోజు ఇవ్వాలి, గడ్డకట్టనివ్వకూడదు. పొడిగా, తెల్లటి మైనపు ముక్క లాంటిది మగదాని మలంతో పడితే అది వీర్యపు బిళ్ల, పురుగు కాదు. ప్రాణిని ముట్టినా, కేజ్ కడిగినా సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సరీసృపాల ఒంట్లో మనిషికి జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు.

తీసుకెళ్లేటప్పుడు గాలి రంధ్రాలున్న, వెలుతురు పడని పెట్టెలో అడ్డంగా ఒక పుల్లను బిగించి దాని మీద ఎక్కించండి. పెట్టె లోపల 22 నుంచి 25 డిగ్రీలు చాలు, వేడినీళ్ల సీసాలు పెట్టొద్దు. జబ్బుగా ఉన్నప్పుడు బలవంతంగా తినిపించవద్దు. కేజ్ మొత్తం కనిపించేలా ఒక ఫొటో, లైట్ల పెట్టెల మీది వివరాల ఫొటో, వాడుతున్న పొడుల సీసాల ఫొటో, బరువులు రాసుకున్న కాగితం వెంట తీసుకెళితే డాక్టరు పని సగం తేలికవుతుంది. జబ్బు మూలం చాలాసార్లు ఆ ఫొటోల్లోనే దొరుకుతుంది.